వదలని నీలం

"ఆకాశం చేన్లకు కారుతున్నది, సూస్తలేవా?" అంది హేమ్లి.

భాస్కర్ గబగబా దూదితో అద్దాడు. అప్పటికే నీలం వెళ్లి ఆకుపచ్చలో కలిసిపోయింది. నీళ్ల రంగులు పట్టి నెల కూడా కాలేదు. కుంచెకు ఎంత నీరు పట్టించాలో చేతికింకా తెలియదు.

"కొత్తగూడెం దాకా పోయి నేర్చుకున్నది గిదేనా?"

"నాలుగు క్లాసులే అయినయి, యాడీ."

తల్లీకొడుకులు గట్టు మీద కూర్చున్నారు. ఎదురుగా అడవి కొట్టి చేసుకున్న ఎకరన్నర పోడు చేను. మొన్నటి వానకు పత్తి రెండాకులు వేసింది. భర్త పోయాక ఈ చేను చేసుకునే హేమ్లి కొడుకును చదివించింది. ఆ చదువుతోనే అతను ఫారెస్టులో బీట్ ఆఫీసర్ అయ్యాడు. చేనుకు తెలిస్తే నవ్వేదో, ఏడ్చేదో.

అతని జేబులో ఆర్డరు ఉంది. రేపు పొద్దున్నే ఈ పత్తి పీకించి సర్కారు మొక్కలు నాటించాలి. లేకపోతే ఉద్యోగం ఉండదు. ఆ మాట తల్లికి చెప్పడానికే వచ్చాడు. చెప్పేబదులు సంచిలోంచి రంగులు తీశాడు, పిరికివాడు. ఫొటో తీయొచ్చు. ఈ చేను ఫొటోలు ఆఫీసు ఫైల్లో ఇప్పటికే ఇరవై ఉన్నాయి. ఇంకొకటి తీయబుద్ధి కాలేదు.

"యాడీ, ఒక మాట..."

"ముందు బొమ్మ కానియ్యి. ఆ మూలకు రాళ్లకుప్ప మరిచినవు. మీ బాపు ఏరి పోసినయి."

రాళ్లకుప్ప వేశాడు.

"ఇప్పచెట్టేది?"

అదీ వేశాడు.

"అంత తొందరేంది?"

"తడారకముందే వెయ్యాలె గద."

"నువ్వు నడుమ నిలబడు, యాడీ. నిన్ను గూడ వేస్త."

"నన్నెందుకు? చేను వెయ్యి, సాలు."

బొమ్మ వంకరగానే వచ్చింది. హేమ్లి రెండు చేతులా అందుకుని చాలాసేపు చూసింది. ఆమె బొటనవేలికి నీలం మరక కనిపించింది.

"నా రంగు అంటుకున్నది," అంటూ భాస్కర్ తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు. నీళ్ల రంగు కదా, పోవాలి. మళ్లీ రుద్దాడు.

"ఇడిసిపెట్టు, అదే పోతది," అని ఆమె చెయ్యి లాక్కుంది. "రేపు జల్దీ లేవాలె గద. ఇంక పో కొడుకా."

చెప్పకుండానే లేచాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

తండా మొదట్లో కూలీల మేస్త్రీ దేవ్‌సింగ్ బండి ఆపాడు.

"సారూ, రేపటి కూలీల లిస్టు. మీ యాడి చేను పీకుడంటే రెండు దినాలు ఒక్కలు గూడ రామన్నరు. నిన్న ఒక మనిషి ముందటికొచ్చి ముద్ర ఏసింది. ఆమెను సూసి మిగతావాళ్లు ఏసిన్రు."

"ఎవరామె?"

దేవ్‌సింగ్ తల దించుకున్నాడు. "మీరే సూడుండ్రి."

భాస్కర్ కాగితం విప్పాడు. సంతకం రానివాళ్ల పేర్ల పక్కన నీలి సిరాతో వేలిముద్రలున్నాయి.

మొదటిది హేమ్లిది.