ఎనభై నాలుగో పేజీ ఫుట్‌నోట్

"మల్లా జారింది సార్," అంది కంప్యూటర్ ముందు కూర్చున్న రూప.

ఎనభై నాలుగో పేజీ అడుగున ఉండాల్సిన ఫుట్‌నోట్ ఎనభై అయిదుకు పోయి కూర్చుంది. పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. చౌటుప్పల్ బస్టాండు దగ్గరి ఆ డీటీపీ సెంటర్లో రఘుపతి సారు కుర్చీ అంచున కూర్చుని గడియారం చూస్తున్నారు. రిటైరైన లెక్చరరు, తన ఊరి చరిత్ర రాశారు. నాలుగింటికి ఫైలు ప్రెస్సుకు చేరకపోతే ఆదివారం ఆవిష్కరణకు పుస్తకమే ఉండదు.

"పొద్దుగాల గా పక్క లేబుళ్లన్నవు. ఇప్పుడు గిదా?"

పేజీ అంచుల్లో విషయం సూచించే ఆ చిన్న లేబుళ్ల గొడవ తీరింది. ఎడమ పేజీల్లో అవి పుస్తకం కుట్టులోకి పోయి నలుగుతుంటే రూప ఒక్కొక్కటే బయటి అంచుకు లాగింది. మొండికేసింది ఈ నోటే. మూడంటే మూడు లైన్లు. సారు వాళ్ల తాత బావి తవ్విస్తుండగా ఒడ్డు కూలి నలుగురు కూలీలు చనిపోయారని, వాళ్ల పేర్లు. బావి సంగతున్న పేజీలో ఉంటేనే దానికి అర్థం. అవతలి పేజీ నిండా ఎవరిదో పెళ్లి భోజనాల ముచ్చట.

"తీసెయ్ బిడ్డా. రెండొందల నోట్లల్ల ఒక్కటి పోతే ఏమైతది? నోట్లన్నీ నా శిష్యుడు పరశురాములు ఏరుకొచ్చినవే. నేను సుత అన్నీ సదవలే."

రూప మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

"తీస్తే దాని తర్వాతి నంబర్లన్నీ మారుతయి సార్. జర ఆగుండ్రి."

ఆ నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయని మాత్రం చెప్పలేదు.

అక్షరాలు చిన్నవి చేసి చూసింది. లైన్ల మధ్య ఎడం బిగించింది. ఊహూ. మూడున్నర దాటింది. ఇక చాలన్నట్టు సారు లేచి నిలబడ్డారు. అప్పుడు ఆమె కంట పడింది, అంచున ఉన్న 'తాతగారి బావి' లేబుల్. ఉన్నవి రెండే మాటలు. తెరమీద ఆ మాటల్ని పట్టుకునే పెట్టె మాత్రం పేజీ అడుగుదాకా సాగి, నోటు జాగాలోకి కాళ్లు చాపుకుని ఉంది. పెట్టెను పైకి కుదించింది. నోటు వచ్చి కుదురుగా కూర్చుంది.

"కుదిరింది సార్!"

సారు కళ్లజోడు పెట్టుకుని ఆ నోటును మొదటిసారి చదివారు. తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరూ మళ్లీ చదివారు.

"మా తాత గొప్పోడనే రాసుకున్న నేను," అన్నారు చివరికి. "గీ పేర్లు మా పరశురాములు ఏడికెళ్లి పట్టుకొచ్చిండో గని, మంచి పని చేసిండు. చరిత్రంటే గిట్లుండాలె. పంపు బిడ్డా."

రూప ఫైలు పంపింది. సారు పరశురాములుకు ఫోన్ చేసి మెచ్చుకోవాలనుకుంటూ మెట్లు దిగిపోయారు.

సారు ఊళ్లోనే ఉండే తన అవ్వనడిగి, ఆ నలుగురి పేర్లు రాసుకొచ్చి, ఆ నోటు చేర్చింది రూపే.