మర్యాద బిళ్ళ

భీమవరం రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరి చెవుల్లోనూ మర్యాద బిళ్ళలుంటాయి. ఎవరు ఏ తిట్టు తిట్టినా, ఏ పచ్చిబూతు కూసినా, బిళ్ళ దాన్ని శుభ్రంగా కడిగి, అదే గొంతుతో మంచిమాటగా వినిపిస్తుంది. షెడ్డులో దాన్ని తీస్తే పని పోతుంది. మగవాళ్ళకి మాత్రం ఇవ్వలేదు. వాళ్ళకెందుకన్నారు. బిళ్ళలొచ్చిన ఈ ఆరేళ్ళలో ఒక్క ఫిర్యాదూ లేదని గేటు దగ్గర బోర్డు కూడా కట్టారు.

ఆ రోజు రొయ్యలు వలుస్తుంటే ఐసునీళ్ళు చింది సువార్త చెవిలోని బిళ్ళ పాడైంది. అప్పుడే సూపర్‌వైజర్ నరసింగరావు వచ్చి, ఆమె పక్కనున్న కొత్తపిల్ల కెజియా మీదికి వంగి ఒక మాటన్నాడు. సువార్త చేతిలోని రొయ్య జారిపోయింది.

కెజియా నవ్వింది. "మీ దయ సార్" అంది.

ఆరేళ్ళుగా సువార్త కూడా అలాగే నవ్వింది, అదే మాట అంది. ఐసు కొట్టే మగవాళ్ళు అప్పుడల్లా ఎందుకు ఇకిలించేవాళ్ళో ఆమెకి ఇప్పుడర్థమైంది.

"థూ! నీ నోట పురుగులు పడ!" అని అరిచింది. వాడు పళ్ళికిలించి వెళ్ళిపోయాడు.

"ఆడు నిన్నేమన్నాడో తెల్సా?" అని, సిగ్గు చంపుకుని ఆ మాటను ఉన్నదున్నట్టు కెజియాకి చెప్పింది.

కెజియా కళ్ళు మెరిశాయి.

"విన్నాను పిన్నీ. నా పని బాగుందన్నారు. నువ్వూ సారుని చల్లగా ఉండమని ఎంత బాగా దీవించావో!"