చెప్పుల్లో చెయ్యి పెట్టే తాత

ముసలాయన చెయ్యి పాప బూటులో ఉంది. మణికట్టు దాకా.

మారిసెల్ చర్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల ఆఖరి పాట పాడుతున్నారు. పాప పాసుకు వెళ్ళాలన్నదని ముందే లేచి వచ్చింది గానీ, లేకపోతే ఇది చూసేదే కాదు.

మెట్ల కింద నలభై జతల చెప్పులు. వాటి మధ్య గొంతుక్కూర్చుని ఆ ముసలాయన. పెదాలు ఏదో గొణుగుతున్నాయి.

"వదులు! నా పాపది అది!"

ఐదేళ్ళుగా నేర్చుకున్న థాయ్ మాటల్లో ఆ భయానికి ఆ రెండు ముక్కలే మిగిలాయి.

ఆయన ఎర్ర బూటు మెల్లగా కింద పెట్టి, చేతులు జోడించి, వెళ్ళి లాంగన్ పళ్ళ చెట్టు కింద కూర్చున్నాడు.

భోజనాల దగ్గర మారిసెల్ అన్నం ముట్టలేదు.

"ఎవరక్కా ఆయన?"

"బున్‌మా తాత. కాలవ పక్క పాకలో ఉంటాడు," అంది పక్కనే కూర్చున్న కన్నిక, జిగురన్నం ఉండ చేసి పాప తాలా నోట్లో పెడుతూ. "లోపలికి రాడు. బయటే కూర్చుని పాటలు వింటాడు. ఏం?"

"పాప బూటులో చెయ్యి పెట్టాడక్కా."

"నీ కూతురి బూటు ఆయన బొటనవేలికి కూడా పట్టదు గానీ, తిను తాలా వాళ్ళమ్మా! మీ ఫిలిప్పీన్స్‌లో అందరూ ఇంతేనా, నువ్వొక్కదానివేనా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు.

ఇంటికెళ్తూ బండి మీద భర్త చెవిలో మొదలుపెట్టింది.

"రోడెల్, ఇక్కడ ఎవరివైపైనా కాలు చాపితేనే తప్పంటారు. అలాంటిది అంత పెద్దాయన పసిపిల్ల బూటు పట్టుకుని మంత్రం చదివాడంటే..."

"మంత్రమో, దగ్గో!"

"మా ఊళ్ళో ఇలాగే ఒక పిల్ల రిబ్బను ఎవరో తీశారు. నెల తిరక్కుండా పిల్ల పోయింది."

"టైఫాయిడ్‌తో పోయిందని నువ్వే చెప్పావు."

"రిబ్బను పోయాకే కదా జ్వరం వచ్చింది!"

రోడెల్‌కి నవ్వాగలేదు. "ఈ భూమ్మీద నీ అంత భయస్తులు ఇంకొకరు ఉండరు, తల్లీ."

లేకపోతే లేకపోనీ. ఉన్నది ఒక్క పిల్ల. పరాయి దేశం. తల్లి భయపడక ఇంకెవరు భయపడతారు?

మరుసటి ఆదివారం తెల్లారినప్పటి నుంచీ వాన.

మారిసెల్ పాప బూట్లు మెట్ల దగ్గర విప్పించలేదు. చర్చి వెనక్కి తీసుకెళ్ళి, వంటపాక చూరు కింద కట్టెల మోపు సందులో దాచింది. అక్కడైతే ఎవరి కంటా పడవు.

వాక్యం ఒక్క ముక్క వినలేదు. కిటికీలోంచి ఆ కట్టెలనే చూస్తూ కూర్చుంది.

ఆఖరి పాట మొదలైంది.

వానలో తడుస్తూ ముసలాయన వచ్చాడు. దేనికోసమో వెతుకుతున్నాడు. అరుగు చూశాడు, నీళ్ళ తొట్టి వెనక చూశాడు, కట్టెల దగ్గర ఆగాడు.

మారిసెల్ పాపని పట్టుకుని లేచి నిలబడింది.

ఆయన వంగి ఎర్ర బూటు తీశాడు. చెయ్యి లోపల పెట్టాడు.

ఒక్కసారి ఒళ్ళంతా అదిరింది ఆయనకి.

గబుక్కున భుజం మీది గళ్ళ తుండు లాగి బూటులో కుక్కి, రెండు చేతులా బిగించి పట్టుకుని, పొలం గట్టు మీద పరుగు!

"దొంగ! నా పిల్ల బూటు! పట్టుకోండి!"

పాట ఆగిపోయింది. జనం బయటికి వచ్చారు. మగవాళ్ళు అరుస్తూ గట్టు దాకా వెళ్ళారు.

ముసలాయన ఒక్కసారి వెనక్కి తిరిగాడు. కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు.

"చూశారా, శాపం పెడుతున్నాడు!" పాపని కొంగులో పొదువుకున్నట్టు రెండు చేతులతో చుట్టేసుకుంది మారిసెల్.

ఆయన మళ్ళీ తిరిగి వానలో కలిసిపోయాడు.

"ఇంకోసారి ఆయన ఇక్కడ కనిపిస్తే మేం రాం," అని పాస్టరుగారి మొహం మీదే చెప్పేసింది. ఆయన తల వంచుకుని, "అలాగేనమ్మా, చెబుతాను," అన్నారు.

చెప్పాల్సిన అవసరం రాలేదు.

సోమవారం పొద్దున్నే కన్నిక వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"కాలవగట్టున దొరికింది. ఆయన పక్కనే."

"పక్కనే అంటే?"

"పోయాడు," అంటూ కన్నిక సంచి నేల మీద పెట్టింది.

సంచిలో ఎర్ర బూటు. తుండుగుడ్డ ఇంకా బిగించే ఉంది.

రోడెల్ కర్రతో గుడ్డ లాగాడు. జానెడు నల్లటి నాగుపాము పిల్ల, చచ్చి, నేల మీద పడింది.

పాము కనబడకుండా మారిసెల్ తాలా కళ్ళు మూసింది. తన కళ్ళు మూసుకోలేకపోయింది.

"చెయ్యి మోచేతి దాకా నల్లబడిపోయింది," అంది కన్నిక. "నిన్న మనకి ఆ చెయ్యే చూపించాడు."

వాన చూరు మీంచి ధారగా కారుతోంది.

"పదకొండేళ్ళయింది. ఆయన మనవరాలు. తాలా వయసే. పాట అయ్యాక మెట్ల మీద బూటు తొడుక్కుంది, లోపల పాము, అంతే. అప్పటినుంచి చర్చిలో అడుగు పెట్టలేదు. దేవుడి మీద అలిగాడనుకున్నాం మేమంతా. పాటలప్పుడు లోపల ఉంటాం కదా, బయట ఆయనేం చేస్తున్నాడో ఎవరు చూశారు? నువ్వు చెప్పినప్పుడైనా నాకు తట్టలేదే, తల్లీ!"

ఆమె వెళ్ళిపోయాక మారిసెల్ ఆ బూటు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది.

తల ఎత్తి అంది:

"రోడెల్, నాకంటే భయస్తుడు ఈ ఊళ్ళో ఒకడుండేవాడు."