యేసురత్నం గారి రెండు నిమిషాలు

“యేసురత్నం గారూ, మీకు రెండు నిమిషాలు,” అన్నారు సభాపతి.

లోక్‌సభలో చిట్టచివరి వరసలో, స్తంభం పక్క సీట్లోంచి యేసురత్నం గారు లేచారు. చేతిలో ఉపన్యాసం కాగితం ఉంది. ఎంపీ అయిన రెండేళ్లకి దొరికిన మొట్టమొదటి అవకాశం. ఆయన అడగదలచింది ఒకే ఒక్కటి, పెదమల్లంకకి వంతెన. కోనసీమలో ఆ లంక వాళ్లు బడికెళ్లాలన్నా ఆసుపత్రికెళ్లాలన్నా పంటు ఎక్కి గోదావరి పాయ దాటాల్సిందే. వరదొస్తే పంటు ఆగిపోతుంది. పురిటి నొప్పులు ఆగవు కదా!

అదే సమయానికి లంక రేవులో కాంతం టీకొట్టు ముందు జనం టీవీకి అతుక్కుపోయి ఉన్నారు. ముందు కుర్చీలో ఎంపీ గారి భార్య హన్నా, ఆవిడ పక్కన లంక పెద్ద సత్తియ్య.

“ఇయ్యాల గానీ వంతెన మాట ఎత్తకపోతే, ఈసారి ఓట్లకి ఆయన మా పంటు ఎక్కక్కర్లేదండి, హన్నా గారూ,” అన్నాడు సత్తియ్య, ఎంతో మర్యాదగా.

“ఎత్తుతారండీ. వారం రోజుల్నించీ ఫోన్లో నాకు అప్పజెబుతున్నారు. నాకే కంఠతా వచ్చేసింది,” అంది హన్నా.

టీవీలో యేసురత్నం గారు గొంతు సవరించుకున్నారు. “అధ్యక్షా...”

ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. “సభ్యులు అనుమతిస్తే నేనొక్క అర నిమిషం మాట్లాడతాను.”

అనుమతించడం, మానడం మాట్లాడుతున్న సభ్యుడి ఇష్టం. కుదరదు అంటే సరిపోతుంది. ఢిల్లీలో అందరూ ఆ మాటే అంటారు. కానీ కోనసీమ మనిషి నోటమ్మట, అందునా యేసురత్నం గారి నోటమ్మట, ఆ మాట ఎలా వస్తుంది?

“ఆయ్, దానికేముందండీ! మీరు కానివ్వండి,” అని కూర్చున్నారు.

“అయ్యో, కూచుంటారేంటండీ!” అని హన్నా టీవీని అడిగింది.

పెద్దాయన ముగించాడు. యేసురత్నం గారు మళ్లీ లేచారు. “అధ్యక్షా...” ఈసారి ఎడమ పక్క నుంచి ఒకావిడ చెయ్యెత్తింది.

“అమ్మగారు నిలబడి ఉంటే నేను మాట్లాడ్డం ఏం బావుంటుందండీ! మీరు చెప్పండమ్మా.”

ఆవిడ తర్వాత ఇంకొకాయన. “అబ్బే, ముందు మీరండీ!” బళ్లో గుంజీళ్లు తీసినట్టు లేవడం, కూర్చోవడం. సభంతా ముసిముసి నవ్వులు.

“ఇంట్లోనూ ఇంతేనండీ. బంతిలో కూచుంటే తన విస్తరి కూడా పక్కాయన ముందుకి జరిపేస్తారు,” అంటూ హన్నా కళ్లొత్తుకుంది. సత్తియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

ఢిల్లీలో గంట మోగింది. “మీ సమయం అయిపోయింది,” అన్నారు సభాపతి.

యేసురత్నం గారికి నిజంగానే ఏడుపొచ్చింది. రెండేళ్లు ఎదురుచూసి, అధ్యక్షా అన్న ఒక్క ముక్క తప్ప రెండో ముక్క చెప్పలేకపోయారు. ఇక ఏ మొహం పెట్టుకుని లంకకి వెళ్లాలి?

పక్క సీట్లో భవర్‌లాల్ గారు ఇదంతా చూశారు. ఆయనది ఎడారి నియోజకవర్గం. యేసురత్నం గారు తెచ్చే ఆత్రేయపురం పూతరేకులకి బాగా అలవాటు పడ్డ మనిషి.

“బాధపడకండి. తర్వాత వంతు నాదే. ఆ కాగితం ఇలా ఇవ్వండి, నేను చదివేస్తాను,” అన్నారు.

“మీకెందుకండీ శ్రమ?”

“శ్రమేముంది? హిందీలోనే ఉందిగా!”

“ఆయ్. మా అమ్మాయి బిందు రాసిందండీ. హిందీ టీచరు,” అని యేసురత్నం గారు రెండు చేతులతో కాగితం అందించారు.

భవర్‌లాల్ గారు లేచారు. ఆయన గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. “అధ్యక్షా! వరదొస్తే మా జనానికి దారి లేదు. మా ఆడపిల్లలు పడవల్లో పురుళ్లు పోసుకుంటున్నారు. మా పిల్లలు పరీక్షలు పోగొట్టుకుంటున్నారు. మాకో వంతెన ఇప్పించండి!”

యేసురత్నం గారి పుణ్యమా అని మాట్లాడిన ఆ ముగ్గురూ బల్లలు చరిచారు. వాళ్లని చూసి అందరూ చరిచారు. సాక్షాత్తూ మంత్రి గారే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“గౌరవ సభ్యుల మాటలు నన్ను కదిలించాయి. సర్వేలు, ఫైళ్లు అంటూ తిప్పను. వంతెన మంజూరు చేస్తున్నాను. నెలలోపే పని మొదలవుతుంది!”

రేవు దద్దరిల్లిపోయింది. కాంతం టీలన్నీ ఉచితమంది. వెళ్లిపోతున్న సత్తియ్య వెనక్కి పరిగెత్తుకొచ్చి, “మీ ఆయన దేవుడండీ, హన్నా గారూ! తను నోరు మెదపకుండా పక్కాయన చేత అడిగించేరు!” అని పంటు మీదికెక్కి చిందులేశాడు. ఢిల్లీలో యేసురత్నం గారు అందరికీ చేతులెత్తి దణ్ణాలు పెట్టారు.

నెల తిరిగేసరికి రేవులో సన్మానం. బ్యాండు మేళం, చెవుల దాకా దండలు. వంతెన ఇంజనీర్లు ఇవాళో రేపో దిగుతారని లంకంతా ఎదురుచూస్తోంది. అంతలో యేసురత్నం గారి ఫోను మోగింది.

“భవర్‌లాల్ గారండీ! మన వంతెన కోసం అడిగిన మహానుభావుడు!” అంటూ ఆయన ఫోను స్పీకర్లో పెట్టి మైకు దగ్గర ఉంచారు. జనం ఈలలు వేశారు.

అటునుంచి గొంతు రేవంతా మోగింది. “యేసురత్నం గారూ, మీ మేలు మరవలేను! ఇంజనీర్లు వచ్చి మా ఇసుకదిబ్బల మధ్య వంతెన స్తంభాలు లేపేస్తున్నారు, మా వాళ్లు నన్ను భుజాల మీంచి దింపడం లేదు. ఇక తక్కువైందల్లా నదొక్కటే, మీ గోదావరిని ఎప్పుడు పంపిస్తున్నారు?”