గురువుగారి మౌత్‌పీస్

మార్చి తొమ్మిదో తేదీ రాత్రి తండ్రీకూతుళ్ళు ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు తిన్నారు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆ ఎనిమిదేళ్ళ పిల్ల నాన్న శాక్సోఫోన్ వింటేనే నిద్రపోతోంది. అతని నాదంలో జలుబు చేసిన గొంతులాంటి జీర ఒకటి ఉంటుంది. ఇరవై ఏళ్ళ సాధనలో అతను సంపాదించుకున్నదల్లా అదే.

ఆ సాయంత్రమే, చనిపోయిన గురువుగారి మౌత్‌పీస్ అతని చేతికొచ్చింది. దానిమీద ఆయన పంటిగాట్లు ఉన్నాయి. తిన్నాక దాన్ని తన శాక్సోఫోన్‌కి బిగించి నోట పెట్టుకోగానే అతని పళ్ళు ఆ గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి. ఊదాడు. జీర లేదు. గురువుగారి నిండైన నాదం గదంతా పరుచుకుంది.

"ఎవరొచ్చారు నాన్నా?" పక్కగదిలోంచి కూతురు అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా, నేనే వాయించాను."

"కోతలు కోయకు. నీకంత బాగా రాదు."

అతను నవ్వుకుని, దాన్ని తీసేసి తన పాత మౌత్‌పీస్ బిగించాడు. రోజూ ఆమెను నిద్రపుచ్చే పాట ఎత్తుకున్నాడు. మళ్ళీ ఆ నిండైన నాదమే వచ్చింది. పెదవి సడలించాడు, ఊపిరి తగ్గించాడు. ఎంత వెతికినా జీర దొరకలేదు.

కూతురు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మా నాన్న ఎక్కడండీ?" అని అడిగింది.

అతను నోరు తెరిచేలోగా మర్యాదగా ఒకడుగు వెనక్కి వేసి, తలుపు మెల్లగా మూసుకుని, లోపల గడియ పెట్టుకుంది.