ఏ ప్రాసెసర్ చాలు?

"ఈ పొద్దు ఆ ఐ సెవెన్ లాప్‌టాప్ అమ్ముడుపోవల్ల. అది పోకపోతే రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాడు ఓనరు రాఘవేంద్రప్రసాద్, షట్టరు ఎత్తీ ఎత్తకముందే.

హర్ష తలూపాడు. ప్రొద్దుటూరులోని ఆ లాప్‌టాప్‌ల షాపులో అతనిది నాలుగేళ్ళ సర్వీసు. అద్దాల బీరువాలో ఆ ఖరీదైన లాప్‌టాప్‌ది ఎనిమిది నెలల సర్వీసు. ఇద్దరికీ కదలిక లేదు.

అది కదలకపోవడానికి కారణం హర్ష నోరే. ఎవరొచ్చినా ముందు "ఏం పనికి?" అని అడుగుతాడు. సినిమాలు చూడ్డానికనో, అర్జీలు టైపు చేయడానికనో అంటే, "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకన్నా, ఐ త్రీ ప్రాసెసర్ సాలు" అని చిన్నది చేతిలో పెడతాడు. కొన్నవాళ్ళు మెచ్చుకుంటారు. ఓనరు మాత్రం పళ్ళు నూరుతాడు. "యథార్థవాది లోకవిరోధి అంటారు. నువ్వు నా ఒక్కడికే విరోధివప్పా!"

పదకొండింటికి జమ్మలమడుగు నుంచి అమ్మ కామాక్షమ్మ ఫోను.

"పులివెందుల సంబంధం వాళ్ళు ఇంకా ఏ మాటా చెప్పలేదు నాయనా. ఆ పాప ఫోటో అయినా చూసినావా?"

"చూస్తాలేమ్మా."

చూడలేదు. బీటెక్ చదివి షాపులో పనేంటని ఇప్పటికే తొమ్మిది సంబంధాలు తప్పిపోయాయి. ముప్పై మూడేళ్ళొచ్చాయి. ఫోటోలు చూసే ఓపిక ఎప్పుడో పోయింది. ఈ షాపులో పనైనా నిలబడితే అదే పదివేలు.

మధ్యాహ్నం దాకా పెన్‌డ్రైవ్‌లు అడిగినవాళ్ళే తప్ప లాప్‌టాప్ అడిగినవాడు లేడు. రెండు దాటాక తెల్లపంచె, భుజాన తుండు వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు.

"చక్రాయపేట కాన్నుంచి వచ్చినా. మా చెల్లెలి బిడ్డకు లాప్‌టాప్ కావల్ల. ఇంట్లో కూసోని పిల్లోళ్ళకు ఆన్‌లైన్లో ట్యూషన్ చెప్తాది. ఏది తీసుకోవల్లో నువ్వే చెప్పుప్పా."

ఆయన చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటుంది. చెయ్యి మాటిమాటికీ దానిమీదికే పోతోంది. దుడ్ల లెక్క కాబోలు అనుకున్నాడు హర్ష.

ఐ త్రీ సాలు పెద్దాయనా. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. గల్లాపెట్టె దగ్గర ఓనరు దగ్గాడు.

"ఈ ఐ సెవెన్ తీసుకోండి," అన్నాడు హర్ష.

"ఐ త్రీ అని కూడా ఉందంట కదప్పా. తేడా ఏంది?"

"బోరు మోటరు మాదిరే పెద్దాయనా. మూడు హార్స్‌పవర్ దానికీ, పది దానికీ తేడా ఉండదా?"

"ఉంటాది. కానీ నా చీనీతోటకు మూడే సాలు. పది బిగిస్తే ఏం లాభం?"

రోజూ హర్ష చెప్పే మాటే ఈయన చెబుతున్నాడు. ఇంకో రోజయితే ఆయనకు టీ తెప్పించేవాడు.

"తోట లెక్క వేరు పెద్దాయనా. ఐ త్రీ అయితే పాఠం మధ్యలో ఆగిపోతాది. పిల్లోళ్ళ ముందర మీ పాపకు నగుబాటు."

అబద్ధం. ట్యూషన్లు చెప్పేవాళ్ళకు తను ఐ త్రీలు ఎన్ని అమ్మాడో లెక్కే లేదు. ఒక్కరూ తిరిగొచ్చి తిట్టలేదు.

"మీ ఇంటి ఆడపిల్లకైనా ఇదే చెప్తావా?"

హర్ష చూపు ఐ సెవెన్ మీదికి తిప్పుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గుపడే ఓపిక కూడా లేదనిపించింది.

"ఇదే చెప్తా."

పెద్దాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. జేబులోంచి కాగితం తీసి చదువుకున్నాడు. మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు.

"శానా ఓపిగ్గా చెప్పినావప్పా. అయినా ఆ ఐ త్రీనే కట్టియ్యి."

బిల్లు కట్టి, ఆ చిన్న పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముందే అనుకుని వచ్చినవాడు ఇంతసేపు నన్నెందుకు వాగించినట్టు? హర్షకు ఒళ్ళు మండింది.

సాయంత్రం ఓనరు కేకలు కూడా వేయలేదు. "రేపు రావద్దులేప్పా," అన్నాడు అంతే.

జమ్మలమడుగు బస్సులో సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. వ్రతం చెడ్డా ఫలం దక్కాలంటారు. ఇక్కడ రెండూ పోయాయి. నాలుగేళ్ళు నిజం చెప్పి తిట్లు తిన్నాడు, ఒక్క పూట అబద్ధం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

ఇంటికి చేరేసరికి కామాక్షమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ ఫోటో.

"పులివెందుల వాళ్ళు వద్దన్నారు నాయనా."

"నా ఉద్యోగం పోయిన సంగతి అప్పుడే వాళ్ళ దాకా పోయిందా?"

"ఉద్యోగం పోయిందా?" ఆమె ఉలిక్కిపడింది. "అది వాళ్ళకేం తెలుసు? షాపులో పనైనా ఫర్వాలేదు, నిజం చెప్పే మనిషైతే సాలు అన్నాదంట ఆ పాప. మావోడు నిజమే చెప్తాడని నేనే గట్టిగా చెప్పి పంపినా."

హర్ష చెప్పులు విప్పబోయి ఆగాడు.

"అందుకే, తన ట్యూషన్లకు ఏది సాలో కాగితం మీద రాసిచ్చి, 'ఆ పిల్లోడు కూడా ఇదే చెప్తే మాట ఖాయం చేసుకోని రా మామా' అని చక్రాయపేటలో ఉండే మేనమామను ఈ పొద్దు మీ షాపుకు పంపినాదంట."