వంతపాట

"పళ్లు లేని నోట గాలి నిలవదు బావా. ట్రంపెట్ ఎత్తి వేళ్లాడించు సాలు. నీ పాట నేను క్లారినెట్ మీద వాయించీస్తాను," అన్నాడు గంగరాజు.

నెల్లిమర్లలో పెళ్లి ఊరేగింపు కదలబోతోంది. కలకత్తా హోటల్లో జాజ్ వాయించి వచ్చిన జోగయ్య ఉన్నాడనే ఈ బ్యాండు మేళాన్ని పిలుస్తారు. నిన్న సైకిలు మీంచి పడి అతని ముందుపళ్లు రెండూ పోయాయి.

"జనానికి తెలిస్తే నా బతుకు తెల్లారిపోతాదిరా."

"నువ్వు సెప్పకపోతే ఎవలికి తెలుస్తాది?"

మేళం మొదలైంది. జోగయ్య వేళ్లు ఆడుతున్నాయి. పాట పక్కనుంచి వస్తోంది.

ఇన్నేళ్లుగా తాను కట్టిన వరసలన్నింటా అసలు పాట ట్రంపెట్‌దే, క్లారినెట్‌ది వంతపాటే. ఆ అసలు పాటను బావమరిది ఎక్కడా తడుముకోకుండా, మలుపు మలుపునా తనకన్నా మెత్తగా పలికిస్తున్నాడు. ఎన్నాళ్లు ఒంటరిగా సాధన చేశాడో. ఒక్కనాడూ "నాకివ్వు బావా" అనలేదు.

"సెబాసు జోగయ్యా," అన్నాడు పెళ్లిపెద్ద.

జోగయ్య ట్రంపెట్ దించేశాడు. పాట ఆగలేదు. జనం తిరిగి చూశారు.

గంగరాజు బెదిరి క్లారినెట్ నోట్లోంచి తీసి గొణిగాడు: "ఎత్తు బావా, అందరూ సూస్తన్నారు."

"సూడనీరా. నువ్వు ముందుకెళ్లి వాయించు," అంటూ జోగయ్య వెనక వరసలోకి నడిచాడు.